రిటైర్ అయ్యాక చల్లని కొండ ఊరు: అరకు, మదనపల్లె, ఏర్కాడు, కోటగిరి... ఏది మంచిది?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేసి ఈ మధ్యే రిటైర్ అయ్యాను. మా ఆవిడకి కూడా వచ్చే ఏడాది సర్వీసు అయిపోతుంది. బెజవాడ ఎండలు ఇక మా వల్ల కావడం లేదు, ఏప్రిల్ వచ్చిందంటే జూన్‌లో నాలుగు చినుకులు పడేదాకా ఏసీ గది దాటి బయటికి రావాలంటే భయం. చల్లగా ఉండే ఒక చిన్న కొండ ఊళ్లో ఇల్లు కొనుక్కుని ప్రశాంతంగా ఉందామని ఇద్దరికీ ఎప్పటినుంచో కోరిక. అమ్మాయి హైదరాబాద్‌లో, అబ్బాయి డాలస్‌లో ఉంటారు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, చలికాలంలో కొంచెం ఆయాసం వస్తుంది. నాకు బీపీ, షుగర్ ఉన్నాయి, మందులతో అదుపులోనే ఉన్నాయి. ఒక ఏజెంటు అరకు దగ్గర అయిదు సెంట్లు చూపిస్తానంటున్నాడు, రిజిస్ట్రేషన్ లేదుగానీ అగ్రిమెంటు రాసిస్తారు, అందరూ అలాగే కొంటున్నారు అంటాడు. తమిళనాడు నీలగిరుల్లోని కూనూరు, కోటగిరి గురించి కూడా విన్నాం కానీ మాకు తమిళం రాదు. అక్కడ నిజంగా కాపురం ఉంటున్నవాళ్లు చెబితే బాగుంటుంది, చూసి వచ్చినవాళ్ల మాటలు చాలా విన్నాం.

జవాబు (విశాఖపట్నం నుంచి)

మాష్టారూ, ఆ ఏజెంటుకి అడ్వాన్సు ఇవ్వలేదు కదా? ఇవ్వకపోతే ఇక అతని ఫోన్ ఎత్తకండి. అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి, ఇవన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి వస్తాయి. 1959లో చేసిన భూ బదలాయింపు నిబంధనని 1970లో మొదటి రెగ్యులేషన్‌తో గట్టిగా సవరించారు, అందుకే 1/70 అంటాం. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనులకో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదిలీ చేయడానికి లేదు. అమ్మేది గిరిజనేతరుడైనా సరే మీరు కొనడానికి లేదు, చాలామందికి తెలియనిది ఈ సంగతే. అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, లీజు, దానం, మార్పిడి అన్నీ బదిలీ కిందే లెక్క. కాబట్టి ఎంత విలువైన స్టాంపు పేపరు మీద రాసినా ఆ అగ్రిమెంటు చెల్లదు, ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా అధికారి తనంతట తానే విచారణ జరిపి ఖాళీ చేయించవచ్చు. ఎవరో గిరిజనుడి పేరు మీద పెట్టి మీరు అనుభవించండి అంటే అది ఇంకా పెద్ద తప్పు. తెలంగాణలో భద్రాచలం, ఉట్నూరు వైపు ఏజెన్సీ గ్రామాల్లోనూ ఇదే చట్టం.

ఇంకో మాట కూడా చెప్పాలి. మైదానం నుంచి వెళ్లిన వ్యాపారులు, వడ్డీలకు ఇచ్చినవాళ్లు కలిసి ఆ కొండల్లో మనుషుల చేతుల్లోంచి భూమి లాక్కున్నారు కాబట్టే ఈ చట్టం వచ్చింది. 1997లో సుప్రీంకోర్టు సమతా అనే సంస్థ వేసిన కేసులో గిరిజన భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకి ఇవ్వడం కూడా కుదరదని చెప్పింది. అరకు అంటే నాకు ప్రాణం, కిరండూల్ రైలెక్కి ఎప్పుడైనా వెళ్లి నాలుగు రోజులుండి రండి. ఇల్లు మాత్రం వేరే చోట చూసుకోండి.

జవాబు (కోటగిరి నుంచి)

నమస్తే సార్. మాది నెల్లూరు, స్టాఫ్ నర్సుగా చేసి రిటైర్ అయ్యాను. చాలా ఏళ్లుగా కోటగిరిలోనే ఉంటున్నాం కాబట్టి తెలిసినంతవరకు చెబుతాను, కాస్త పెద్దదే అవుతుంది.

ముందు ఎత్తు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే వేడి దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మదనపల్లె 700 మీటర్ల దగ్గర ఉంటుంది, సేలం దగ్గరి ఏర్కాడు 1500, కోటగిరి 1800 దగ్గర, కూనూరు 1850, ఊటీ 2240. అందరూ చల్లదనం ఒక్కటే చూసి ఎంత పైకి వెళ్తే అంత మంచిదనుకుంటారు, గాలి సంగతి మర్చిపోతారు. ఊటీ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే ముప్పాతిక కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా అదే లెక్కన తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొన్ని రోజుల్లో అలవాటు పడిపోతారు. మీ ఆవిడకి ఆయాసం అంటున్నారు, అది ఆస్తమానా, గుండె సంబంధమైనదా, మామూలు అలర్జీనా అన్నది ముందు తేలాలి. విజయవాడలోనే ఛాతీ డాక్టరుకి చూపించి ఊపిరితిత్తుల పరీక్ష చేయించి, ఫలానా ఎత్తులో శాశ్వతంగా ఉండొచ్చా అని సూటిగా అడగండి. ఈ పని ఇల్లు చూడటానికి ముందే చేయాలి.

రెండోది వాన. మనవాళ్లు ఏప్రిల్‌లో వస్తారు, పూలు చూస్తారు, ఆ వారంలోనే ఇంటికి బేరం ఆడేస్తారు. నీలగిరుల్లో కూడలూరు, అవలాంచి వైపు జూన్ నుంచి నైరుతి వాన దంచి కొడుతుంది. కోటగిరి, కూనూరు తూర్పు వాలు మీద ఉన్నాయి కాబట్టి మాకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2009 నవంబరులో ఇక్కడ కొండచరియలు విరిగిపడి నలభై మందికి పైగా పోయారు. 2024 జులైలో వయనాడ్‌లో జరిగింది మీరూ టీవీలో చూసే ఉంటారు. అందుకే నవంబరులో వచ్చి చూడండి. ఇంటి వెనక మట్టి కోసి నిలువుగా వదిలేశారా, రిటైనింగ్ వాల్ కట్టారా, ఆ గోడలో నీళ్లు బయటికి పోవడానికి రంధ్రాలు వదిలారా, పైనుంచి వచ్చే వాననీరు ఎటు పోతోంది, ఇవన్నీ వానలో నిలబడి చూస్తేనే తెలుస్తాయి. ఎండలో వ్యూ బాగున్న ఇల్లు చాలాసార్లు వాలు అంచున ఉన్న ఇల్లే.

ఇక ఇంట్లో. వానాకాలంలో గోడలకి చెమ్మ పడుతుంది, బీరువాలో పట్టుచీరలకి కూడా బూజు వస్తుంది, ఊరగాయ జాడీ మూత సరిగ్గా పెట్టకపోతే అంతే. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పులవదు, నేను వేడినీళ్ల గిన్నెలో పెట్టి దుప్పటి కప్పుతాను. నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి కందిపప్పు మామూలు గిన్నెలో ఉడికించాలంటే గ్యాస్ అయిపోతుంది, కుక్కర్ తప్పదు. చెట్లు పడితే కరెంటు పోతుంది, ఇన్వర్టర్ ఉండాలి. ఇవేవీ పెద్ద కష్టాలు కావు, ముందు తెలిస్తే సర్దుకుంటాం. కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అసలు సమస్య మెట్లు. ఇక్కడ ఇల్లు రోడ్డుకి పైనో కిందో ఉంటుంది, కారు గుమ్మం దాకా వచ్చే ఇల్లు దొరకడం కష్టం, దొరికితే రేటు ఎక్కువ. అయినా మీరు అదే వెతకాలి.

సాయంత్రం వాకింగ్ అనుకుంటే పొద్దు ఉండగానే ముగించాలి. కోటగిరిలో ఎలుగుబంట్లు తిరుగుతాయి, అడవిదున్నలు టీ తోటల్లోంచి వీధుల్లోకే వచ్చి నిలబడతాయి. వాటి దారికి మనం అడ్డు రాకపోతే ఏమీ అనవు, కానీ చీకట్లో ఎదురుపడకూడదు.

చివరికి ఆస్పత్రి. చిన్నచిన్న వాటికి ఊళ్లోనే చూస్తారు. గుండె, మెదడు, తుంటి ఎముక లాంటివైతే ఘాట్ దిగి మేట్టుపాళయం, అక్కడినుంచి ఇంకో 35 కిలోమీటర్లు కోయంబత్తూరు వెళ్లాలి. పగలు ట్రాఫిక్ లేకపోతే రెండు గంటల ప్రయాణం అనుకోండి, రాత్రి మంచు కమ్మినా చెట్టు పడినా చెప్పలేం. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో గుండెపోటుకి మొదటి గంట ఎంత ముఖ్యమో కళ్లారా చూశాను, అందుకే ఎవరడిగినా ముందు ఈ దారి గురించే చెబుతాను. పైన ఊరు ఎంత అందంగా ఉన్నా, కింద ఆస్పత్రికి రెండు దారులు ఉన్న ఊరే ఎంచుకోండి. కోటగిరి నుంచి నేరుగా ఒక ఘాట్ ఉంది, అది మూసేస్తే కూనూరు మీదుగా ఇంకోటి ఉంది.

జవాబు (మదనపల్లె నుంచి)

అన్నా, మమ్మల్ని అందరూ మర్చిపోతారు కాబట్టి చెబుతున్నా. మదనపల్లె కొండ ఊరు కాదు, పీఠభూమి, మే నెలలో మాకూ ఎండ గట్టిగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ రాత్రికి చల్లబడుతుంది, బెజవాడ ఉక్కపోత ఉండదు, మెట్ల గొడవ లేదు, తెలుగు ఊరు. ఇక్కడి గాలి పొడిగా ఉంటుందనే వందేళ్ల కిందట ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి పెట్టారు. బెంగళూరు, తిరుపతి రెండూ నూట ఇరవై కిలోమీటర్ల లెక్కలో ఉంటాయి, తిరుపతిలో స్విమ్స్ పెద్దాస్పత్రి, ఎముకలకి బర్డ్ ఆస్పత్రి ఉన్నాయి కాబట్టి వదినగారి మోకాళ్లకి పనికొస్తుంది. హార్సిలీ హిల్స్ 1265 మీటర్లు, అక్కడ ఉండేది ఎక్కువ అటవీశాఖ భూమి, ఇల్లు కొనుక్కునే ఊరు కాదది. ఊళ్లో కాపురం పెట్టుకుని ఎండాకాలం తెల్లవారుజామున కొండెక్కి రావచ్చు. రైల్వే స్టేషన్ మాత్రం ఊరికి దూరం, అది గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. అరకు ఏజెంటుకి ఏమీ ఇవ్వలేదు, వద్దని చెప్పేశాను. డాక్టరు మాట మంచిది మేడమ్, ఈ వారమే వెళ్తాం. అబ్బాయి మాత్రం హిమాచల్‌లో కొందాం, సెలవులకి పిల్లలతో వస్తాం అంటున్నాడు. దాని సంగతి ఎవరికైనా తెలుసా? ఇంకో ప్రశ్న, భాష రాకుండా తమిళ ఊళ్లో ముసలివాళ్లం ఇద్దరమే ఎలా నెట్టుకొస్తాం?

జవాబు (సేలం నుంచి)

హిమాచల్‌లో 1972 చట్టం 118వ సెక్షన్ ఉంది సార్, ఆ రాష్ట్రంలో వ్యవసాయదారుడు కానివాళ్లు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనడానికి లేదు. ఉత్తరాఖండ్‌లో బయటివాళ్లకి ఊళ్ల బయట ఇంటికి 250 చదరపు మీటర్ల పరిమితి ఎప్పటినుంచో ఉంది, 2025లో చట్టం ఇంకా బిగించి హరిద్వార్, ఉధమ్‌సింగ్ నగర్ తప్ప మిగతా పదకొండు జిల్లాల్లో బయటివాళ్లకి సాగుభూమి అమ్మకం ఆపేశారు. ఇవన్నీ పక్కన పెడితే, డాలస్‌లో ఉన్న అబ్బాయి సెలవుల కోసం మీరు మంచులో ఎందుకు ఉండాలి? మిగతా రోజులన్నీ అక్కడ ఉండేది మీరే కదా. హైదరాబాద్‌లో అమ్మాయి ఒక్క రాత్రి ప్రయాణంలో మీ దగ్గరికి రాగలగాలి, అది చూసుకోండి.

భాష గురించి భయం వద్దు. మేం సేలంలో తరాలుగా ఉంటున్నాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఇక్కడా, కోయంబత్తూరులోనూ అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. మా తెలుగు మీకు కొత్తగా వినిపిస్తుంది కానీ ఆస్పత్రిలోనో బ్యాంకులోనో తెలుగు మాట విని ఎవరో ఒకరు పలుకుతారు. పై కొండల మీద అంతమంది దొరకరు, కాబట్టి కూరల బండి దగ్గర, ఆటోలో, పనిమనిషితో మాట్లాడేంత తమిళం నేర్చుకోండి. ఏర్కాడు కూడా ఒకసారి చూడండి. సేలం నుంచి ముప్పై కిలోమీటర్లు, ఇరవై హెయిర్‌పిన్ మలుపులు, కింద పెద్ద ఆస్పత్రులున్నాయి. నీలగిరులంత చలి ఉండదు, 1500 మీటర్లే కాబట్టి మేడమ్ చెప్పిన ఊపిరి సమస్య కూడా కాస్త తక్కువ. కాఫీ తోటల మధ్య ఊరు చిన్నదే, శనాదివారాల్లో మాత్రం బళ్లు నిండిపోతాయి. విజయవాడ నుంచి కేరళ ఎక్స్‌ప్రెస్, ధన్‌బాద్ అలెప్పీ ఎక్స్‌ప్రెస్ రెండూ సేలం మీదుగానే కోయంబత్తూరు వైపు వెళ్తాయి.

జవాబు (కోటగిరి నుంచి)

సేలం తమ్ముడు బాగా చెప్పాడు. ఆయాసం నిజంగా ఇబ్బంది పెట్టేదైతే నేను కూడా కోటగిరి కంటే ఏర్కాడే అంటాను, మా ఊరి మీద ఎంత ప్రేమ ఉన్నా సరే.

కొనే తొందర మాత్రం వద్దు సార్. విజయవాడ ఇల్లు అమ్మకండి, అద్దెకిచ్చి రండి. ఇక్కడ అక్టోబరులో దిగి కనీసం వానలూ చలీ గడిచేదాకా అద్దెకి ఉండండి, వీలైతే మే నెల రద్దీ కూడా చూడండి. లీజు అని ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని నెల అద్దె లేకుండా ఇచ్చేవాళ్లుంటారు, మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకండి. డబ్బు ఇరుక్కుంటే ఊరు నచ్చకపోయినా కదల్లేరు.

కొనేటప్పుడు పట్టా, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్టులు చూపే సర్టిఫికెట్), పాత లింకు డాక్యుమెంట్లు లోకల్ లాయరుతో చూపించడం ఎక్కడైనా ఉండేదే. కొండల్లో అదనంగా, ఆ గ్రామం కొండల్లో కట్టడాలని నియంత్రించే హిల్ ఏరియా కన్జర్వేషన్ అథారిటీ పరిధిలో ఉందా, ఇంటి ప్లానుకి అనుమతి ఉందా, కట్టింది ప్లాను ప్రకారమేనా అని చూడాలి. టీ తోట ముక్కని ఇళ్ల స్థలమని చూపిస్తారు, అలాంటిది వద్దు. మసినగుడి వైపు ఏనుగుల దారిలో కట్టిన రిసార్టులు మూయాలన్న హైకోర్టు తీర్పుని 2020లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది, అటు ఎంత చవగ్గా వచ్చినా చూడకండి.

మీ హెల్త్ కార్డు కోయంబత్తూరులోగానీ సేలంలోగానీ ఏ ఆస్పత్రుల్లో చెల్లుతుందో లిస్టు తెచ్చుకోండి. చెల్లకపోతే ఇప్పుడే వేరే ఇన్సూరెన్స్ తీసుకోవాలి, వయసు పెరిగాక ఇంకా కష్టం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం మేడమ్. డాక్టరు సరేనంటే అక్టోబరులో ఏర్కాడులో అద్దెకి దిగుతాం, మధ్యలో వారం రోజులు కోటగిరి వచ్చి చూస్తాం. ఆయన ఒప్పుకోకపోతే మదనపల్లె. విజయవాడ ఇల్లు అమ్మం. మా కారు ఏపీ రిజిస్ట్రేషన్, అక్కడ నడపొచ్చా?

జవాబు (కోటగిరి నుంచి)

పన్నెండు నెలలు దాటి ఉంటే తమిళనాడు రిజిస్ట్రేషన్ చేయించాలి, దానికి మీ ఆర్టీవో దగ్గర ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కావాలి. ఇల్లు కొనాలా వద్దా తేలాకే ఆ పని పెట్టుకోండి. నీలగిరులకి, కొడైకెనాల్‌కి బయటి బళ్లకి 2024 మే నుంచి ఈ-పాస్ ఉంది, ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు, మా దగ్గరికి వచ్చేముందు రూల్ ఎలా ఉందో ఒకసారి చూసుకుని బయల్దేరండి. అమ్మగారికి ఉన్ని సాక్సులు, మంచి గ్రిప్పు ఉన్న చెప్పులు కొనిపెట్టండి, తడి మెట్ల మీద హవాయి చెప్పులు అస్సలు వద్దు.