మయోసైటిస్ ఉన్నవాళ్ళ చేత వ్యాయామం చేయించొచ్చా?

ముగ్గుపిండి:
మా అమ్మకి డెర్మటోమయోసైటిస్ (మయోసైటిస్‌లో ఒక రకం, కండలూ చర్మమూ వాచే జబ్బు) అని తేలి మూడు నెలలు. కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ళ కణుపుల మీద ఎర్రమచ్చలు, పీట మీంచి లేవలేదు, తల దువ్వుకోలేదు. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ వాడుతుంటే సీపీకే (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 6,200 నుంచి 410కి దిగింది. ఇక ఫిజియో మొదలుపెట్టండి అన్నారు డాక్టరు. అన్నయ్య వద్దంటున్నాడు. ఎవరైనా చేయించారా?

కాలవగట్టు:
మీ అన్నయ్యదే రైటు. అసలే కండ వాచి ఉంటే దాని చేత పని చేయించడమేంటండీ. వ్యాయామం చేస్తే సీపీకే పెరుగుతుంది, ఎవర్నైనా అడగండి.

రెండోఅంతస్తు:
నాకే ఉంది, నాలుగేళ్ళ నుంచి. ఏ జబ్బూ లేనోడు జిమ్‌కెళ్ళినా సీపీకే పెరుగుతుందండీ. ఒకప్పుడు కదలొద్దనే చెప్పేవాళ్ళు, 1990ల నుంచి ట్రయల్స్ చేసి చూస్తే జబ్బు అదుపులో ఉన్నవాళ్ళకి ఫిజియో దగ్గరుండి చేయిస్తే బలం వచ్చింది గానీ వాపు పెరగలేదు. పైగా స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడితే అదే తొడ కండలు కరిగిస్తుంది, అది సీపీకేలో మామూలుగా కనపడదు కూడా.

కాలవగట్టు:
పెరుగుతుందని మీరే ఒప్పుకున్నారుగా. అంతే నేననేది.

పాసింజర్:
సమంత చేస్తోందిగా జిమ్

రెండోఅంతస్తు:
ఆ మాట మాత్రం అనకండి బాబూ. 2022లో ఆవిడ తనకి మయోసైటిస్ అని చెప్పినప్పుడు హమ్మయ్య, ఇక మా అత్తగారికి జబ్బు పేరు వివరించే పని తప్పింది అనుకున్నా. ఇప్పుడు ఆవిడ వీడియోలే నాకు చూపించి "ఆ పిల్లకి లేని నీరసం నీకేనా" అంటున్నారు.

కాలవగట్టు:
నేను మొత్తుకునేదీ అదే! మా నాన్నకి లివర్ టెస్టులో ఎస్జీపీటీ ఎక్కువుందని ఏడాది లివర్ మందులు వాడారు, దెబ్బతిన్న కండలోంచి కూడా అది పెరుగుతుందని ఒక్కరూ చెప్పలా, సీపీకే రాయలా. ఆ ఏడాదంతా బద్ధకం అని తిట్టి పొద్దున్నే లేపి నడిపించింది నేను. మెట్ల మీద కూలబడితే కసిరింది కూడా నేనే.

రెండోఅంతస్తు:
మందు లేకుండా నడిపించడం వేరు, మందు పడి వాపు దిగాక చేయించడం వేరు. మీ బాధ తెచ్చి వాళ్ళమ్మకి అడ్డం పెట్టకండి.

కాలవగట్టు:
మీకేం, తేలిగ్గా చెప్తారు.

ముగ్గుపిండి:
ఇద్దరూ ఆగండి ప్లీజ్. అమ్మ ఉండేది అన్నయ్య దగ్గర, ఫిజియోకి వారానికి మూడుసార్లు తీసుకెళ్ళాలి. ఎవరు తీసుకెళ్తారన్నదే అక్కడ గొడవ, సీపీకే పైకి చెప్పే మాట. నేనుండేది పుణేలో, గట్టిగా అనలేను.

రెండోఅంతస్తు:
ఇంటికొచ్చే ఫిజియో దొరుకుతారేమో కనుక్కోండి. పీటలు తీసేసి ఎత్తు కుర్చీ వేయించండి.

కాలవగట్టు:
సీపీకే మాత్రం నెలనెలా చేయించండి.