ఎమర్జెన్సీలో షాక్ ట్రీట్‌మెంట్ వద్దన్న చట్టం సబబేనా?

గోదారిగట్టు:
2017 మానసిక ఆరోగ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం ఏ డాక్టరైనా 72 గంటల దాకా ఎమర్జెన్సీ వైద్యం చేయొచ్చు. ఈసీటీ, అంటే షాక్ ట్రీట్‌మెంట్, మాత్రం కుదరదు. కెటటోనియాతో కొయ్యబారిపోయి, మంచినీళ్లు కూడా మింగని మనిషికి తొందరగా పనిచేసేది అదే కదా! ప్రాణం మీదికొచ్చినప్పుడు వద్దంటే ఇంకెప్పటికి? సినిమాల్లో షాక్ సీన్లు చూసి రాసినట్టుంది.

వార్డు నర్సు:
అలాంటివాళ్లకి ముందు లొరాజెపామ్ అనే మందు ఇస్తారండీ, చాలామంది దానికే కదులుతారు. లొంగకపోతే ఈసీటీ. 89వ సెక్షన్ కింద చేర్చుకుంటే, నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ల తరఫున నామినీ సంతకం పెట్టొచ్చు. దారి మూసెయ్యలేదు.
ఇక సినిమా సంగతి. మత్తు, కండరాలు వదులయ్యే మందు లేకుండా ఈసీటీ చేయడం 95వ సెక్షన్ కింద నిషేధం. నోట్లో గార్డు పెడతాం, కరెంటు వల్ల వచ్చే ఫిట్ సాధారణంగా నిమిషం లోపే అయిపోతుంది, ఒక్కోసారి కాలివేళ్లు కదిలితేనే తెలుస్తుంది. వారానికి రెండో మూడో, మొత్తం ఆరు నుంచి పన్నెండు.

కృష్ణవేణి_గుంటూరు:
నాకు చేశారు. డిప్రెషన్ తగ్గింది, కాదనను. కానీ మా చెల్లెలి పెళ్లి గుర్తులేదు. ఫొటోల్లో పట్టుచీర కట్టుకుని వడ్డిస్తున్నది నేనే! జ్ఞాపకాలు పోవచ్చని ముందు ఎవరూ చెప్పలేదు, సంతకం మా నాన్న పెట్టారు. కరెంటు కన్నా అదే నాకు కోపం.

గోదారిగట్టు:
అయ్యో, సారీ అక్కా. కానీ ప్రాణం పోతే జ్ఞాపకాలు ఏం చేసుకుంటాం?

కృష్ణవేణి_గుంటూరు:
ఆ లెక్క నేను వేసుకోవాలి తమ్ముడూ, డ్యూటీ డాక్టరు కాదు. మళ్లీ జబ్బు ముదిరితే ఈసీటీ ఇవ్వండి, కానీ కుడివైపు మాత్రమే, రెండు కణతలకీ పెట్టొద్దు అని ముందస్తు ఆదేశం రాసి పెట్టుకున్నాను. కుడివైపు పద్ధతిలో మతిమరుపు తక్కువ. ఆ ఆదేశం ఎమర్జెన్సీ వైద్యానికి వర్తించదు. ఎమర్జెన్సీలో ఈసీటీకి అనుమతిస్తే నా కాగితం చిత్తుకాగితమే.

వార్డు నర్సు:
ఇది నాకు తట్టలేదు. అయితే ఇంకో మాట: కోర్సయ్యాక మందులు మానేస్తే సగానికి పైగా ఆర్నెల్లలోపే తిరగబెడుతుంది. దాని గురించి కూడా రాశారా?

కృష్ణవేణి_గుంటూరు:
రాశాను. మాత్రలు ఆపమని నేను అడిగినా వినొద్దని.