ఘాటా, మంటా? బెల్జియన్ డార్క్ స్ట్రాంగ్ ఏల్‌కు మార్కులు వేయడంలో సందేహం

ల్యూవెన్ వాసి:
అందరికీ నమస్కారం. రాత్రి తొమ్మిదింటి నుంచి ఒకే బీరును ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు తొమ్మిదిన్నర దాటినా నా మార్కుల పత్రం ఒక్క గడి కూడా ముందుకు కదలడం లేదు. నేను బీజేసీపీ (బీర్లకు మార్కులు వేసే న్యాయనిర్ణేతలను ధ్రువీకరించే సంస్థ) రుచి పరీక్షకు సిద్ధమవుతున్నాను. మా అభ్యాస బృందంలో ఒకరు ఇంట్లో కాచిన బెల్జియన్ డార్క్ స్ట్రాంగ్ ఏల్‌ను (ముదురు రంగులో ఉండే, బలమైన బెల్జియం తరహా బీరును) తలా రెండు సీసాలు పంచారు. ఎవరి ఇంట్లో వారు రుచి చూసి మార్కులు పంపుకోవాలన్నది ఏర్పాటు. మిగిలిన నలుగురూ 50కి 37 నుంచి 40 వరకు వేయగా, నేనొక్కడినే 23 వేశాను. నా నాలుకే పొరబడిందేమోనని ఈ రోజు రెండో సీసా తెరిచాను. మళ్లీ అదే వరస. వాసన దాదాపు లేదు, నురుగు నిమిషంలో చదికిలబడింది, నోట్లో పలచగా ఉంది, గొంతు దిగేటప్పుడు ఘాటు, చివర వగరు. ఇటువంటి ట్రాపిస్టు బీరులో ఎండు ద్రాక్ష, ఖర్జూరం, లవంగం తగలాలని పుస్తకాలన్నీ చెబుతున్నాయి. నాకు ఒక్కటీ తగలలేదు. లోపం బీరుదా, నాదా? దయచేసి సూటిగా చెప్పండి.

మఠాల బాటసారి:
ముందుగా ఒక సవరణ. ఇంట్లో కాచినది ఎంత గొప్పగా కుదిరినా ట్రాపిస్టు బీరు కాదు. ట్రాపిస్టులు ఒక క్రైస్తవ సన్యాసుల శాఖ. బీరు విషయంలో ట్రాపిస్టు అన్నది రుచికి పెట్టిన పేరు కాదు, అది ఎవరి చేతి కింద తయారైందో చెప్పే మాట. 1997లో ఏర్పడిన అంతర్జాతీయ ట్రాపిస్టు సంఘం ఆరు పలకల ముద్ర ఇస్తుంది. మఠం ఆవరణలో గాని దాని పరిసరాల్లో గాని, సన్యాసుల పర్యవేక్షణలో తయారై, రాబడి మఠం పోషణకూ ధర్మకార్యాలకూ వెళ్లే బీరుకే ఆ ముద్ర దక్కుతుంది. లెఫ్, అఫ్లిగెమ్, గ్రింబెర్గెన్ వంటివి మఠాల పేరు మోసే అబ్బే బీర్లు, ట్రాపిస్టువి కావు. చివరి సన్యాసులు మఠం విడిచి వెళ్లిన కారణంగా 2021లో అఖెల్ అనే బెల్జియం మఠం బీరు ఆ ముద్రను కోల్పోయింది. దీనికి ఎదురు ఉదాహరణ వాటూ గ్రామంలోని సింట్ బెర్నార్డస్: 1946 నుంచి 1992 వరకు సింట్ సిక్స్‌టస్ మఠం బీర్లను లైసెన్సు మీద కాచిన ఆ సంస్థ, ఇప్పుడు అదే తరహాలో 10 శాతం ఆల్కహాలు ఉన్న ఆబ్ట్ 12ను ట్రాపిస్టు అనిపించుకోకుండానే అమ్ముతోంది. కనుక మీ పత్రంలో ట్రాపిస్టు అన్న మాటను వాడకపోవడం మేలు.

నాలుగో గ్లాసు:
ఎంత చల్లగా తాగారు? ఏ గ్లాసులో? అడుగు మడ్డి కలిపారా?

ల్యూవెన్ వాసి:
మఠాల చరిత్ర తెలిపినందుకు కృతజ్ఞతలు, కాని నా ప్రశ్న అది కాదు. గ్లాసు ఇంట్లో ఉన్న మామూలు పొడవాటి గ్లాసే. వృథా చేయడం ఎందుకని సీసాను చివరి చుక్క వరకు వంచాను. చల్లదనం అంటారా, బీరును ఎవరైనా ఎలా తాగుతారో నేనూ అలాగే తాగాను.

మాటల మూట:
మీరు ఘాటు అన్నారు, వగరు అన్నారు. ఈ రెండు మాటల దగ్గరే మీ చిక్కు ఉందని నా అనుమానం. మిరియాలు ముక్కుకు తగిలితే ఘాటు. ఆల్కహాలు గొంతులో రేపేది మంట. ఛాతీ దగ్గర నెమ్మదిగా పరుచుకునేది వెచ్చదనం. ఈ తరహాలో లవంగాన్ని తలపించే ఘాటు ఈస్టు వల్ల వచ్చే గుణం, వెచ్చదనం ఉండవలసినదే, మంట మాత్రం లోపం. మూడింటినీ ఒక్క మాటలో కట్టేస్తే కాచినవారికి ఏమి అర్థమవుతుంది? వగరు సంగతీ అంతే. వక్క నమిలినప్పుడో, నేరేడు పళ్లు తిన్నప్పుడో చెంపల లోపల పట్టేసినట్టు అయ్యేది వగరు. నాలుక వెనుక నిలిచేది చేదు. గింజల పొట్టును మరీ వేడి నీళ్లతో కడిగినప్పుడు దిగేది మొదటిది. మీకు చెంపలు పట్టేశాయా, లేక చేదు తగిలిందా?

ల్యూవెన్ వాసి:
ఆ తేడా పెట్టి చూస్తే చేదు అనే చెప్పాలి. కాని గొంతులోది మంటే, వెచ్చదనం కాదు.

పాత పరీక్షకుడు:
నాలుగో గ్లాసు గారు అడిగిన మొదటి ప్రశ్నకు మీరు ఇంకా జవాబు చెప్పలేదు. సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోశారా?

ల్యూవెన్ వాసి:
అవును, ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది చెప్పనవసరం లేదనుకున్నాను.

పాత పరీక్షకుడు:
మీరు అనవసరం అనుకున్నదే ఇక్కడ అసలు సంగతి. చల్లటి ద్రవంలోంచి వాసనలు పైకి లేవవు. ముక్కుకు ఏమీ అందనప్పుడు నాలుకకు మిగిలేది చేదు, గ్యాసు చురుకు, ఆల్కహాలు మాత్రమే. 10 శాతం ఏల్‌ను 4 డిగ్రీల దగ్గర తాగితే ఖర్జూరం ఎక్కడ తగులుతుంది? ఈ తరహాకు 10 నుంచి 14 డిగ్రీల మధ్య బాగుంటుంది. మిగిలినది ఉంటే గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని పావుగంట ఆగండి. పైన అరచెయ్యి మూసి, ఒక్కసారి తిప్పి, చెయ్యి తీసిన వెంటనే రెండు మూడు చిన్న చిన్న పీల్పులు పీల్చండి. దీర్ఘంగా పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. మొదట ఈస్టు నుంచి వచ్చే అరటిపండు, లవంగం, ఆ వెనుక మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచీ ముదురు చక్కెర పాకం నుంచీ వచ్చే ఎండు ద్రాక్ష, అంజీరు, కొంచెం మాడిన బెల్లం వాసన తెలియాలి. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వస్తే అది ఇథైల్ అసిటేట్, దానికి మార్కులు తగ్గించండి. తడిసిన అట్ట వాసన వస్తే గాలి తగిలి పాతబడిందని అర్థం.

మీ చేదులో కొంత మడ్డిది. సీసాలోనే పులిసి గ్యాసు పట్టే బీరులో ఈస్టు అడుగున చేరుతుంది. సీసాను నిలబెట్టి ఉంచి, గ్లాసును ఏటవాలుగా పట్టుకుని ఒకే ధారగా పోసి, చివరి ఒక సెంటీమీటరును సీసాలోనే వదిలేయాలి. పలచన విషయంలో మాత్రం తొందరపడవద్దు. ఈ తరహాలో చక్కెర కలపడం వల్ల ఆల్కహాలు పెరుగుతుంది గాని చిక్కదనం పెరగదు, అంత బలమైనది సులువుగా దిగడం బెల్జియం వారు కావాలని సాధించేదే. పత్రంలో వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటి స్పర్శకు 5, మొత్తం అభిప్రాయానికి 10 మార్కులు. వాసన అందకపోతే ఆ 12 మాత్రమే కాదు, రుచి 20లోనూ సగం పోయినట్టే. మీ 23 అక్కడి నుంచే వచ్చింది. అసలు పరీక్షలో ఆరు బీర్లకు 90 నిమిషాలే ఇస్తారు. చల్లగా వచ్చిన బీరును పక్కన పెట్టి, వాసన గడిని ఖాళీగా ఉంచకుండా తొలి మాట రాసి, చివర మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

మఠాల బాటసారి:
మంచి వివరణ. కాని ఈ తరహాను అందరూ క్వాడ్రుపెల్ అనే పిలుస్తుండగా డార్క్ స్ట్రాంగ్ అన్న చప్పటి పేరు ఎందుకో నాకు అర్థం కాదు.

మాటల మూట:
క్వాడ్రుపెల్ బెల్జియం మాట కూడా కాదు. నెదర్లాండ్స్‌లోని కోనింగ్స్‌హూవెన్ మఠం 1991లో తన లా ట్రాప్ బీరుకు పెట్టిన పేరు అది. బెల్జియం ట్రాపిస్టు బీరు రోష్‌ఫోర్ 10 సీసా మీద ఆ మాట ఎక్కడుంది? అక్కడి 6, 8, 10 అన్నవి పులియక ముందు మాల్టు రసం సాంద్రతను చెప్పే పాత బెల్జియన్ డిగ్రీలు. ఆ 10లో ఆల్కహాలు 11.3 శాతం. సంఖ్యను చూసి అదే శాతం అనుకునేవారు ఇక్కడే ఉన్నారు.

మఠాల బాటసారి:
నేను అలా అనుకోలేదు.

మాటల మూట:
మిమ్మల్ని అనలేదు. అలాగే ఈ బీరులో వేసే క్యాండీ చక్కెరను పటికబెల్లం అని అనువదించి, కిరాణా కొట్టు పటికబెల్లం వేసి కాచేవారినీ చూశాను. అందులో ఉన్నది వట్టి చక్కెర గనుక ఆల్కహాలు తప్ప ఎండు ద్రాక్ష రుచి దాని నుంచి రాదు. ముదురు రుచి ఇచ్చేది నల్లగా కాచిన పాకం.

ల్యూవెన్ వాసి:
మీ చర్చ సాగుతుండగా నేను అరచేతుల్లో గ్లాసు పట్టుకునే ఉన్నాను. ముందు ఖర్జూరం వచ్చింది, తరువాత మాడిన బెల్లం, చాలా ఆలస్యంగా లవంగం. పలచన అన్న మాట కొట్టేశాను. మంట మాత్రం తగ్గకపోగా, వెచ్చబడ్డాక ఇంకా పెరిగింది. వాసనకు 9, రూపానికి 2, రుచికి 13, స్పర్శకు 2, అభిప్రాయానికి 6 కలిపి 32 వేశాను.

పాత పరీక్షకుడు:
ఆ మంటను నిలబెట్టుకోండి. వెచ్చబడ్డాక పెరిగిందంటే అది మీ ఊహ కాదు. పులియడం మొదలైన రెండు మూడు రోజుల్లో ఈస్టు మరీ వేడెక్కితే గొంతులో మంట రేపే ఫ్యూజెల్ ఆల్కహాళ్లు పెరుగుతాయి. కాచినవారికి మొదటి రోజుల్లో చల్లగా ఉంచి ఆ తరువాతే వేడిని పెరగనివ్వమని సలహా రాయండి. తక్కిన నలుగురు ఆ మాట ఎందుకు రాయలేదో వారినే అడగాలి.

నాలుగో గ్లాసు:
32 సరిపోతుంది.

ల్యూవెన్ వాసి:
సరే, అలాగే పంపుతున్నాను. అందరికీ ధన్యవాదాలు, నిద్ర వస్తోంది.

నాలుగో గ్లాసు:
నురుగు నిమిషంలో పోయిందన్నారు, గ్లాసును సబ్బుతో కడిగి సరిగా తొలవలేదా?