ఫలితం అడిగిన తల్లికి రిసెర్చ్ అసిస్టెంట్ జవాబు చెప్పొచ్చా?

హబ్సిగూడ_ఆర్‌ఏ:
ఎదుగుదల ఆలస్యమైన పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లల జన్యువుల మీద పనిచేసే ల్యాబ్ మాది. రక్తం తీసేరోజు కుటుంబం పక్కన కూర్చుని మూడు తరాల వంశవృక్షం గీసేది నేనే, మేనరికమా అని అడిగేదీ నేనే. అందుకే ఆ తల్లులు నెలల తరబడి నాకే ఫోన్ చేస్తారు. "సార్‌ని అడగండమ్మా" అని తప్పించుకోవడం నాకు నచ్చదు. శాంపిల్ ఏ దశలో ఉందో, వేరియంట్ (జన్యువులో తేడా) దొరికిందో లేదో చెప్పాలంటాను. మీరేమంటారు?

ఉప్పల్_పీహెచ్‌డీ:
వద్దు. రిసెర్చ్ ల్యాబ్‌లో ట్యూబులు తారుమారయ్యే ప్రమాదం ఉంటుంది. కొత్త శాంపిల్ మీద సాంగర్ పరీక్షతో, అంటే ఆ ఒక్క చోట డీఎన్‌ఏని మళ్లీ చదివి, ఖాయం చేసుకోకుండా నోరు విప్పకూడదు.

తార్నాక_కౌన్సెలర్:
దశ చెప్పండి, వేరియంట్ మాత్రం వద్దు. అమెరికాలోని వైద్య జన్యుశాస్త్ర సంస్థ ఏసీఎంజీ 2015 మార్గదర్శకాలు వేరియంట్లను జబ్బు తెచ్చేవాటి నుంచి హానిలేనివాటి దాకా ఐదు వర్గాలు చేశాయి. మధ్యలో ఉండేది వీయూఎస్, జబ్బుకు కారణమో కాదో ఇంకా తేలనిది. అంతర్జాతీయ డేటాబేసుల్లో మనవాళ్ల సమాచారం తక్కువ కాబట్టి ఇక్కడ మామూలుగా ఉండే తేడా కూడా అక్కడ అరుదైనదిగా కనిపిస్తుంది. రేపు అది హానిలేనిదని తేలొచ్చు, ఈలోగా "నీ వైపు నుంచే వచ్చింది" అని ఆ తల్లిని అననివాడుండడు. "ఏమీ దొరకలేదు" అనడమూ ప్రమాదమే. బుద్ధి ఎదుగుదలను దెబ్బతీసే ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు జబ్బులో ఎఫ్‌ఎంఆర్1 జన్యువులోని సీజీజీ అనే మూడక్షరాల డీఎన్‌ఏ వరుస 200 సార్లకు పైగా మళ్లీ మళ్లీ వస్తుంది, జన్యువుల్లో ప్రోటీన్ తయారీ సూచనలుండే భాగాలను చదివే మామూలు ఎక్సోమ్ పరీక్ష దాన్ని నమ్మకంగా పట్టుకోలేదు. ఫోన్‌లో ఆ మాట విన్న తల్లి మాత్రం జన్యులోపమే లేదనుకుంటుంది.

బోయినపల్లి_అమ్మ:
మేడం, రిపోర్టు రాకముందే నన్ను అంటనే ఉన్నరు. మాది మేనరికం. ఇంకా తేలలేదని చెప్పినా భరిస్తం, ఫోనే ఎత్తకపోతే ఎట్ల? రెండో బిడ్డ సంగతి ఆపుకొని కూసున్నం.

హబ్సిగూడ_ఆర్‌ఏ:
నేననేదీ ఇదే. వేరియంట్ సంగతి కౌన్సెలర్ చెప్తే సరే, కానీ ఎవరు, ఎప్పటిలోగా చెప్తారో సంతకం పెట్టించుకునే కాగితంలోనే రాయాలి. అది రాయని ల్యాబ్‌కి ఆ పిల్లల రక్తం తీసుకునే అర్హత లేదు.

తార్నాక_కౌన్సెలర్:
ఒప్పుకుంటాను. అమ్మా, రెండో కాన్పు ఆలోచన ఉందని ల్యాబ్‌కి రాసివ్వండి, మీ శాంపిల్ ముందు చూడమనండి. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడా చూపించుకోండి. భార్యాభర్తలిద్దరూ ఒకే జన్యువులో లోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పుకీ 25 శాతం ముప్పు. బిడ్డలోనే కొత్తగా పుట్టిన మార్పు అయితే ముప్పు చాలా తక్కువ, దానికీ మేనరికానికీ సంబంధం లేదు. మీది ఏదో తేలేదాకా మిమ్మల్ని అనే హక్కు ఎవరికీ లేదు, తేలాక కూడా లేదు.