హెచ్‌బీఏ2 5.2 వచ్చింది, బావకీ టెస్ట్ చేయించాలా?

నాకు 24 ఏళ్లు. హిమోగ్లోబిన్ ఎప్పుడూ పదికి అటూ ఇటూ. ఆరు నెలలు ఐరన్ మాత్రలు మింగాను, విరేచనం నల్లగా అవడం తప్ప ఒరిగిందేమీ లేదు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 58, బాగానే ఉంది. ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సైజు) మాత్రం 64, తక్కువ. చివరికి ఒక డాక్టరమ్మ హెచ్‌పీఎల్‌సీ (రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూసే పరీక్ష) రాశారు. అందులో హెచ్‌బీఏ2 అనే రకం 5.2 శాతం, ఎక్కువే. బీటా థలసీమియా ట్రెయిట్ అని తేలింది, అంటే ఆ రక్తజబ్బు జన్యువు ఒకటి నాలో ఉందన్నమాట.

నాకేం ప్రమాదం లేదన్నారు. అసలు టెన్షన్ వేరే. మాది మేనరికం, మాఘంలో బావతో పెళ్లి. ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి థలసీమియా మేజర్ (జీవితాంతం రక్తం ఎక్కించాల్సిన తీవ్రమైన రకం) వచ్చే అవకాశం 25 శాతమట.

బావకి మామూలు రక్తపరీక్ష చాలా, హెచ్‌పీఎల్‌సీయే కావాలా? "పిల్లకి ఏదో రోగం" అని అత్తయ్య అనుకోకుండా ఈ మాట ఎలా ఎత్తాలి? ఇద్దరికీ ఉండి, గర్భంలోనే పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.