0.3 మి.మీ. రేకు ఎచింగ్: అంచు రంధ్రాలు పెద్దవి, నడిమివి చిన్నవి

సన్నరేకు: 0.3 మి.మీ. మందమున్న 304 స్టెయిన్‌లెస్ స్టీలు రేకులో ఎచింగ్‌తో, అంటే ద్రావణం చల్లి లోహాన్ని కరిగించి, 0.4 మి.మీ. రంధ్రాలు చేస్తున్నాము. అంచున 0.45, నడుమ 0.38 వస్తున్నాయి. డ్రాయింగు అనుమతించేది ±0.03 మాత్రమే. లోపం స్ప్రేలో ఉన్నదా, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం పాతబడిందా?

పాతచేయి: ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. తొంభై పాళ్లు లోపం రేకు కడగడంలోనే ఉంటుంది. కడిగిన రేకుపై నీరు ఎక్కడా విరగకుండా ఒకే పొరగా నిలవకపోతే, అక్కడ డ్రై ఫిల్మ్, అంటే కరగకూడని లోహాన్ని కప్పి కాపాడే పొర, సరిగా అంటుకోలేదన్నమాటే. కడగడం కుదిరితే బర్, అంటే పొడుచుకువచ్చిన లోహపు ముల్లు, లేని అంచు దానంతట అదే వస్తుంది.

భూతద్దం: "బర్ లేదు" అన్న మాట నమ్మే మేము ఒక లాట్ మొత్తం వెనక్కి తెచ్చుకున్నాము. రెండు వైపులా తినేసిన ద్రావణం కలిసే చోట, మందం నడుమ చిన్న గట్టు, అంటే కస్ప్, మిగిలిపోతుంది. మా రేకు పక్కన కూర్చునే రబ్బరు సీలును కోసినది అదే.

పాతచేయి: కస్పును బర్ అనడం తెలియనితనం. రంధ్రం పొడిచే పంచ్ నెట్టిన లోహం బర్, కరగకుండా మిగిలిన లోహం కస్ప్. మరికొంతసేపు ఎచింగ్ చేస్తే అదే తగ్గిపోతుంది.

భూతద్దం: ఆ మరికొంతసేపట్లో రంధ్రమూ పెరుగుతుంది కదా! అందుకు ఫొటోటూల్‌లోనే, అంటే రేకు మీదికి ఆకృతిని దించే ఫిల్ములోనే, రంధ్రాన్ని ముందుగా చిన్నది చేసుకోవాలని ఇరవై రెండేళ్ల అనుభవం చెప్పలేదా? సీలుకు మీ నిర్వచనాలతో పని లేదు.

స్ప్రింగుపట్టీ: గొడవ మధ్యలో ఒక మాట. ఎచింగ్ లోహానికి ఒత్తిడి పెట్టదన్నది నిజమే కాని, రోలింగులో రేకు లోపల దాగిన ఒత్తిడిని మాత్రం విప్పేస్తుంది. ఒక వైపే సగం లోతు తీసిన మా పట్టీలు బల్ల మీద పెట్టగానే దొప్పల్లా వంగాయి. స్ట్రెస్ రిలీవ్ చేసిన, అంటే ఆ ఒత్తిడిని ముందే తీసేసిన, రేకు తెప్పించాకే తిన్నగా నిలిచాయి.

పచ్చద్రావణం: ద్రావణం గురించి ఎవరూ చెప్పలేదు. ఇనుము కరిగేకొద్దీ ఫెర్రిక్ క్లోరైడ్ ఫెర్రస్‌గా మారి వేగం పడిపోతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి దానిని తిరిగి నిలబెట్టవచ్చును. అయితే 304లోని నికెల్, క్రోమియం పేరుకుంటూనే ఉంటాయి కనుక కొంత తీసి కొత్తది పోయక తప్పదు. పెరాక్సైడ్‌కు బదులు సోడియం క్లోరేట్ వాడిన రోజుల్లో నేను తొందరపడి ఎక్కువ పోయగా, పసుపుపచ్చ వాయువు లేచి షెడ్డంతా ఖాళీ చేయవలసి వచ్చింది.

సన్నరేకు: అందరికీ నమస్కారం. నేనడిగినది అంచుకూ నడుమకూ ఉన్న తేడా.

నాజిల్‌వరుస: ద్రావణం పాతబడితే రేకంతా ఒకేలా మందగిస్తుంది. మీ తేడా మడుగువల్ల. పై ముఖం నడుమ వాడిన ద్రావణం నిలిచిపోయి కొత్తదానిని లోహానికి తగలనివ్వదు, అంచున జారిపోతుంది. నడిమి గొట్టాల పీడనం పెంచి, అంచువి తగ్గించి, పై కొలతలూ కింది కొలతలూ విడివిడిగా వ్రాయండి.

సన్నరేకు: అలాగే చేశాము. అంచున 0.42, నడుమ 0.39. కింది ముఖంలో తేడా మొదటినుంచీ తక్కువే ఉన్నది.

పాతచేయి: సంతోషం. రేకు ఎలా కడుగుతున్నారో మాత్రం ఇంకా చెప్పనే లేదు.