అప్‌డేట్: జంట ఫ్లాష్ బ్రాకెట్ కొన్నాను, వాడి చూశాను

పెళ్లి గ్రూపు ఫొటోల్లో ఒక్క ఫ్లాష్‌ను పూర్తి పవర్‌తో వాడితే వేడెక్కిపోతోందని, ఫ్లాష్ కాంతిని మెత్తగా పరిచే ఒకే ఫొటో గొడుగుకు రెండు ఫ్లాష్‌లు బిగించే బ్రాకెట్ పనికొస్తుందా అని అడిగాను కదా. పనికొచ్చింది. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

కాంతి రెట్టింపయినా పెరిగేది ఒక్క స్టాపే (ఫొటోలో వెలుగును కొలిచే మెట్టు). నాకు అసలు లాభం వేరే ఉంది: రెండింటినీ 1/2 పవర్‌లో పెడితే పాత వెలుగే వస్తోంది, కానీ ఫ్లాష్‌లు చాలా త్వరగా మళ్లీ సిద్ధమవుతున్నాయి. మూడు వరుసల బంధువులను వెంటవెంటనే ఐదారు ఫొటోలు తీయగలిగాను.

మొదట్లో రెండో ఫ్లాష్ ముందే వెలిగిపోయేది. మొదటిదాన్ని టీటీఎల్‌లో (పవర్‌ను కెమెరానే నిర్ణయించే పద్ధతి) వదిలేశాను; కాంతిని కొలవడానికి అది ఫొటోకు ముందు వేసే చిన్న మెరుపుకే (ప్రీ-ఫ్లాష్), స్లేవ్‌లో (మరో ఫ్లాష్ వెలుగు చూసి వెలిగే పద్ధతి) ఉన్న రెండోది స్పందించేది. మొదటిదాన్ని మాన్యువల్‌కు (పవర్ మనమే పెట్టే పద్ధతి) మార్చాక కుదిరింది.

స్టాండు మాత్రం జాగ్రత్త. పై బరువు పెరిగి, ఫ్యాను గాలికే గొడుగు ఊగింది. కాళ్లకు 5 కిలోల ఇసుక సంచి కట్టాకే ధైర్యంగా పక్కకు జరిగాను.